మేలు చేసినవాళ్ళ ఇంటికి వెళ్ళి చెప్పి రావడం ఎలా

ముందుగా ఒక నోటు పుస్తకం కొనండి. ఫోన్లో రాసుకుంటే చాలదు. ఎందుకు చాలదో కొంత దూరం పోయాక మీకే తెలుస్తుంది. నాది పూర్ణా మార్కెట్లో కొన్న వంద పేజీల పుస్తకం, నీలం అట్ట. షెడ్డులో పని మధ్యలో తీసి రాస్తుంటాను కాబట్టి అంచులన్నీ గ్రీజు వేలిముద్రలే.

నేను వెల్డర్ని. గాజువాక ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉంది. గేట్లు, గ్రిల్స్, లారీ బాడీ పనులు మా కుర్రాళ్ళు చేస్తారు. పైపు పని వస్తే మాత్రం వెల్డింగ్ రాడ్డు బిగించే హోల్డర్ నేనే పట్టుకుంటాను. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. 1986లో పాసింజర్ బండెక్కి విశాఖపట్నంలో దిగినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఒక రేకు పెట్టె, అందులో రెండు జతల బట్టలు, పదో తరగతి సర్టిఫికెట్టు. ఇవాళ నలుగురికి పని నేర్పి జీతాలు ఇవ్వగలుగుతున్నానంటే ఎంతమంది ఎన్ని రకాలుగా నన్ను నిలబెట్టారో లెక్కే లేదు.

మూడేళ్ళ కిందట మా పాత జట్టులో ఒకాయన పోయారు. దినకార్యానికి వెళ్ళి, ఆయన కొడుకుని పక్కకి పిలిచి, మీ నాన్న ఫలానా రోజున నాకు ఇలా సాయం చేశారు బాబూ అని చెప్తున్నాను. ఆ అబ్బాయి కళ్ళు తుడుచుకుంటూ వింటున్నాడు. చెప్తుంటే చెప్తుంటే నాకు గొంతు పట్టేసింది. ఈ మాట వినాల్సిన మనిషి పన్నెండు రోజుల కిందటి వరకు ఉన్నాడు, నా షెడ్డుకి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఒక్క సాయంత్రం వెళ్ళలేకపోయాను. ఆ రాత్రే పుస్తకం మొదలుపెట్టాను. అప్పట్నుంచి పదకొండు ఇళ్ళకి వెళ్ళి చెప్పి వచ్చాను. ఎలా వెళ్ళాలి, ఏం చెప్పాలి, నేను ఎక్కడ తప్పు చేశాను, అన్నీ రాస్తున్నాను. మీకు పనికొస్తుంది.

చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు మాటల్ని విడగొట్టి చెప్పేవారు. కృతం అంటే చేసినది. కృతజ్ఞుడు అంటే చేసినది తెలిసినవాడు. కృతఘ్నుడు అంటే చేసినదాన్ని చంపేసేవాడు, మర్చిపోయినవాడు కూడా ఆ లెక్కలోకే వస్తాడురా అనేవారు. కాబట్టి దండం పెట్టడం, థాంక్స్ చెప్పడం తర్వాతి సంగతి. ముందు వాళ్ళు చేసింది ఏమిటో మనకి సరిగ్గా తెలియాలి. ఈ పనిలో ముప్పాతిక వంతు అదే.

పేర్లతో కాదు, ఒక వారంతో మొదలుపెట్టండి

పుస్తకం తెరిచి "నాకు మేలు చేసినవాళ్ళు" అని పైన రాస్తే అమ్మ, నాన్న, గురువు, దేవుడు అని నాలుగు మాటలు రాసి పెన్ను ఆగిపోతుంది. నాకూ అలాగే ఆగింది. రెండు రోజులు ఆ పేజీ అలాగే ఉండిపోయింది. అప్పుడు వేరే దారి పట్టాను. నా బతుకులో అన్నిటికన్నా కష్టంగా గడిచిన వారం ఏది అని ఆలోచించి, ఆ వారాన్ని రోజువారీగా రాశాను. ఎక్కడ పడుకున్నాను, ఏం తిన్నాను, ఆ తిండికి డబ్బులెవరు ఇచ్చారు, పొద్దున్నే ఎవరు లేపారు. మీరూ అలాగే చెయ్యండి. పేర్లు వాటంతటవే వస్తాయి.

నా వరకు ఆ వారం 1988 వానాకాలంలోది. అప్పటికి ఉక్కు ఫ్యాక్టరీ కట్టడం జోరుగా సాగుతోంది. నేను ఒక కాంట్రాక్టరు కింద హెల్పర్‌ని. కేబుళ్ళు మొయ్యడం, గ్రైండింగ్ పట్టడం నా పని. హెల్పర్ కూలికీ పైపు వెల్డర్ కూలికీ రెండింతల పైన తేడా. వెల్డర్ కావాలంటే 6జి టెస్టు పాసవ్వాలి.

ఆ టెస్టు గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్తాను. పైపుని 45 డిగ్రీల ఏటవాలుగా బిగించేస్తారు. దాన్ని తిప్పడానికి లేదు. మనమే దాని చుట్టూ తిరగాలి. కిందకి దూరి తల పైకెత్తి కొంత, పక్కన గొంతుక్కూచుని కొంత, పైనుంచి వంగి కొంత. అన్నిటికంటే లోపల పడే మొదటి వరస ఉంటుంది, దాన్ని రూట్ అంటాం. అది పైపు లోపలికి సమంగా దిగాలి. ఎక్కువ దిగితే లోపల వేలాడుతుంది, తక్కువైతే గీత మిగిలిపోతుంది. పని అయ్యాక ఎక్స్‌రే తీస్తారు. మొదటిసారి నాకు రూట్ దిగలేదు. రెండోసారి ఫిల్మ్ మీద నల్లచుక్కలు, అంటే లోహంలో గాలి బుడగలు ఉండిపోయాయి. అదే సమయానికి కాంట్రాక్టరు రెండు నెలల కూలి ఎగ్గొట్టి కనబడకుండా పోయాడు.

పుస్తకంలో ఆ వారం ఇలా రాసుకున్నాను.

"సోమవారం. ఫిల్మ్ చూపించారు. ఫెయిల్. మేస్త్రి గారు ఏమీ అనలేదు. తన గ్లాసులో టీ సగం నాకు పోశారు.

మంగళవారం. ఊరెళ్ళిపోతానని పెట్టె సర్దాను. ఇంటి మామ్మ అద్దె అడగలేదు. పెట్టె గుమ్మంలో ఎందుకురా, వాన జల్లు కొడతాది, లోన పెట్టు అంది.

బుధవారం. మెస్ పిన్ని ఖాతా రాసుకుంది, అన్నం పెట్టింది. చేపల పులుసు.

గురువారం. మేస్త్రి గారు పైపు ముక్క తెచ్చారు."

ఈ నాలుగు రోజులు రాసేసరికి ముగ్గురు మనుషులు దొరికేశారు. గురువారం సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నేను ఈ రోజు వరకు తింటున్న తిండి ఆ గురువారానిదే.

మేస్త్రి గారు నా గదికి వచ్చారు. సంచిలో జానెడు పైపు ముక్క. దాన్ని కిటికీ ఊచలకి ఏటవాలుగా కట్టారు. చీపురులోంచి ఒక పుల్ల తీసి నా చేతికిచ్చి, రాడ్డు పట్టుకున్నట్టు పట్టుకోమన్నారు. "నీకు కరెంటు మీద బయం లేదు. నీ ఒళ్ళు తిరగడం లేదు. పుల్ల కొస పైపుకి రవ్వంత ఎడంగా ఉండాల. కింద మొదలెట్టి పైదాకా ఎల్లు. ఊపిరి బిగబట్టకు. పుల్ల వొణికిన కాడ నీ రూటు పోద్ది" అన్నారు. ఎనిమిది రాత్రులు మెషీను లేదు, మంట లేదు. చీపురు పుల్లతో పైపు చుట్టూ తిరగడమే. మోచెయ్యి ఎక్కడ ఆనించాలి, మోకాలు ఎప్పుడు మార్చాలి, మెడ ఎటు వంచాలి అన్నది ఒంటికి పట్టేదాకా తిప్పించారు. మామ్మ లాంతర్లో కిరసనాయిలు తనే పోసేది. మూడో రాత్రి నేను విసుగొచ్చి పుల్ల విరిచేశాను. మేస్త్రి గారు మాట్లాడకుండా చీపురులోంచి ఇంకో పుల్ల తీశారు.

మూడోసారి పాసయ్యాను.

పాతికేళ్ళ పైన నేను అందరికీ చెప్పుకున్న కథ ఏమిటంటే, రెండుసార్లు ఫెయిలైనా పట్టు వదలకుండా మూడోసారి సాధించాను అని. మా కుర్రాళ్ళకీ అదే చెప్పేవాణ్ణి. అందులో అబద్ధం లేదు. కానీ రోజువారీగా రాసినప్పుడు ఆ లాంతరు ఎవరిది, అన్నం ఎవరిది, పైపు ముక్క ఎవరు మోసుకొచ్చారు, పుల్ల విరిచినప్పుడు కోప్పడనిది ఎవరు అని ఒక్కొక్కటే పక్కకి తీస్తే, నాదంటూ మిగిలింది నడుం నొప్పి ఒక్కటే. పట్టుదల నాదే, సరే. ఆ పట్టుదల నిలబడడానికి కింద నేల వేసింది వాళ్ళు.

మీ వెనక జరిగింది కనుక్కోండి

మనకి తెలిసిన మేలు సగమే. మిగతా సగం మనకి చెప్పకుండా చేసి ఉంటారు. అందుకని ఆ రోజుల్లో మీ పక్కన ఉన్నవాళ్ళని వెతికి పట్టుకుని అడగండి.

మా జట్టులో గ్రైండర్ పట్టే అతను ఉండేవాడు, ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్ళం. రెండేళ్ళ కిందట కూర్మన్నపాలెంలో ఒక పెళ్ళిలో కలిశాడు. మాటల్లో, "నీ మూడో టెస్టు రోజు మీ మేస్త్రి తెల్లారగట్లే ఓవెన్ కాడ కాపలా కాసేడు బావా, ఎవులూ రాడ్డు ముట్టకుండా" అన్నాడు. నాకు ఆ సంగతే తెలియదు. 7018 అనే రకం వెల్డింగ్ రాడ్లని వాడేముందు ఓవెన్లో మూడు వందల డిగ్రీల పైన కాల్చి, వేడి మీదే తీసుకోవాలి. బయట పెడితే పైపూత తేమ పీల్చేస్తుంది. వానాకాలంలో, సముద్రపు గాలిలో, మన ఊళ్ళో అయితే చెప్పనే అక్కర్లేదు. తేమ రాడ్డుతో వేస్తే బుడగలు పడతాయి. నా రెండో టెస్టు పోవడానికి కారణం అదే అయ్యుంటుందని మేస్త్రి గారు కనిపెట్టి, మూడోసారి నాకు ఎండు రాడ్లు అందేలా పొద్దున్నే వెళ్ళి నిలబడ్డారన్నమాట. ముప్పై ఏళ్ళు దాటినా ఆ మాట ఆయన నోట రాలేదు. పెళ్ళి భోజనం మధ్యలో లేచి బయటికొచ్చి చాలాసేపు నిలబడిపోయాను.

పాత చోట్లకి నడిచి వెళ్ళినా చాలా గుర్తొస్తుంది. ఇంట్లో కూచుని రానిది వీధి మలుపు దగ్గర వచ్చేస్తుంది. ఒక ఆదివారం పాత గాజువాక సందుల్లో తిరిగితే, జ్వరం వచ్చినప్పుడు నన్ను సైకిలు మీద కూచోబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన పాల అబ్బాయి జ్ఞాపకం వచ్చాడు. అతన్ని ఇంకా వెతుకుతున్నాను.

ఎవర్ని రాయక్కర్లేదు

మనల్ని కష్టపెట్టినవాళ్ళకి కూడా కృతజ్ఞత చెప్పాలి, వాళ్ళ వల్లే గట్టిపడ్డాం అని కొందరు పెద్దవాళ్ళు చెప్తుంటారు. నేను ఒప్పుకోను. నా కూలి ఎగ్గొట్టిన మనిషి నాకేమీ నేర్పలేదు. నన్ను ఆకలితో ఉంచాడు, అంతే. ఆ ఆకలిలోంచి నన్ను లాగింది మెస్ పిన్ని. ఆమెకి దక్కాల్సిన పేజీలో అతనికి చోటివ్వడం న్యాయం కాదు. క్షమిస్తే క్షమించండి, అది మీ ఇష్టం. ఈ పుస్తకంలో మాత్రం కలపకండి.

ఇంకో రకం వాళ్ళు ఉంటారు, మనం ఎప్పుడూ చూడనివాళ్ళు. వాళ్ళకో పేజీ తప్పకుండా పెట్టండి. నా అన్నం ఉక్కు ఫ్యాక్టరీ కట్టడంలోంచి మొదలైంది. ఆ ఫ్యాక్టరీ ఊరికే రాలేదు. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని జనం రోడ్ల మీదికొచ్చారు. టి. అమృతరావు గారు నిరాహార దీక్షకి కూచున్నారు. కాల్పుల్లో మనుషులు చనిపోయారు. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు జాతికి అంకితం చేశారు. నేను పుట్టక ముందు సంవత్సరం ఎవరో చేసిన పోరాటం నాకు ఇరవై ఒకటో ఏట చేతిలో హోల్డర్ పెట్టింది. ఇక నాకు అద్దెకి గది ఇచ్చిన మామ్మ, ఫ్యాక్టరీకి భూమి ఇచ్చి లేచొచ్చిన నిర్వాసితుల కుటుంబం. మా జీడితోట మీదే మీ పొయ్యిలు లెగుస్తున్నాయి అనేది. అలా అంటూనే లాంతర్లో నూనె పోసేది. ఇవన్నీ రాసుకున్నాక, పేపర్లో ఫ్యాక్టరీ వార్త వచ్చిన రోజున నేను చదివే తీరే మారిపోయింది.

వెతకడం, వెళ్ళడం

వెతకడం అనుకున్నంత కష్టం కాదు. పాత వీధిలో ఇస్త్రీ బండి, కిరాణా కొట్టు, రేషన్ డీలరు, ఈ మూడు చోట్ల అడిగితే సగం మంది దొరుకుతారు. పెద్దవయసు వాళ్ళయితే ఒకటో తారీఖున ఇంటింటికీ పెన్షన్ ఇచ్చే సచివాలయం సిబ్బందికి వీధిలో ముసలివాళ్ళందరూ తెలుసు. వాళ్ళని నంబరు అడగకండి. "ఫలానా ఆయన శిష్యుణ్ణి, చూడాలని ఉంది" అని మీ నంబరే ఇచ్చి, వాళ్ళింట్లో అడిగి చెప్పమనండి.

వెళ్ళే ముందు ఇంట్లో పిల్లలకి ఫోన్ చేసి వీలు కనుక్కోండి. మధ్యాహ్నం వద్దు. పెద్దవాళ్ళు కునుకు తీసే వేళ. సాయంత్రం నాలుగున్నర, అయిదు మంచిది, ఎండ దిగుతుంది, అరుగు మీదికో వరండాలోకో వచ్చి కూచుంటారు. సింహాచలం, గోపాలపట్నం వైపు వెళ్ళాల్సి ఉంటే చందనోత్సవం రోజూ గిరిప్రదక్షిణ రోజూ పెట్టుకోకండి, దారిలోనే రాత్రైపోతుంది. తీరుబడిగా కూచునేట్టు వెళ్ళాలి. ఇంకో పెళ్ళికి పోతూ దారిలో దిగి చెప్పే మాట కాదిది.

ఏం పట్టుకెళ్ళాలి అన్న దగ్గర నేను తప్పు చేశాను. మెస్ పిన్నికి కిలో లడ్డూలు తీసుకెళ్ళాను. ఆవిడకి పదిహేనేళ్ళుగా షుగరు. డబ్బా చేతిలో పెట్టాక కోడలు చెప్పింది. పళ్ళు, స్వీట్లు ఏవైనా ముందే ఇంట్లోవాళ్ళని అడగండి. శాలువా వద్దని నా అభిప్రాయం. శాలువా కప్పితే అది సభ అయిపోతుంది, ఎదుటి మనిషి బిగుసుకుపోతారు, మనం చెప్పాలనుకున్నది గొంతు దాటదు. డబ్బు కవరు అసలే వద్దు. వాళ్ళు అప్పుడు అమ్మలేదు, ఇప్పుడు మనం కొనకూడదు. వాళ్ళకి నిజంగా ఇబ్బంది ఉందని కనిపిస్తే అది వేరే రోజు, వేరే మాటగా చూసుకోండి.

మీ పనిలోంచి ఏదైనా తీసుకెళ్ళగలిగితే అంతకంటే మంచిది లేదు. పిన్ని కింద కూచోలేక నిలబడే కూరలు తరుగుతుండడం చూశాను. తర్వాతి వారం ఆవిడ మోకాలి ఎత్తు కొలిచి ఇనప స్టూలు చేసి తీసుకెళ్ళాను. కాళ్ళకి రబ్బరు బుష్షులు వేశాను, జారకుండా. దాని మీద కూచుని రెండు చేతులతో అంచులు తడిమి, "గీసుకోకుండా నున్నగా రాసినావు" అంది.

నోరు విప్పడం

మన వైపు ఈ మాటలు చెప్పడం అలవాటు లేదు. ప్రేమ ఉన్నచోట "తిన్నావా" అంటాం గానీ "నీ వల్ల బతికాను" అనం. అందుకే పుస్తకం. సిగ్గేస్తే చూసి చదవండి.

పొగడ్తతో మొదలుపెట్టకండి. "మీరు దేవుడు, మీరు లేకపోతే నేను లేను" అంటే వాళ్ళు వెంటనే చేతులూపేసి, "అదేటి బాబూ, దానికేటుంది" అనేస్తారు. మాట అక్కడితో మూసుకుపోతుంది. జరిగింది చెప్పండి. ఏ సంవత్సరం, ఏ చోటు, వాన పడుతోందా ఎండా, మీ చేతిలో ఏముంది, వాళ్ళు ఏమన్నారు, ఏం చేశారు. తర్వాత, అది జరక్కపోతే మీరేమైపోయేవారో ఒక్క మాట. తర్వాత, ఇవాళ మీరు చేసే ఏ పనిలో అది ఉందో ఇంకో మాట. అక్కడికి ఆపేయండి. మీ బాధలన్నీ మొదట్నుంచీ ఏకరువు పెట్టకండి, వాళ్ళు మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. వీలైతే వాళ్ళ పిల్లలు, మనవలు వింటుండగా చెప్పండి. ఆ రోజు ఏ పనీ అడగొద్దు. అల్లుడి ఉద్యోగం, చీటీ, సంతకం, ఏదీ. ఫొటో కావాలంటే అడిగి తీసుకోండి, స్టేటస్‌లో పెట్టొద్దు.

వాళ్ళకి మనం గుర్తు లేకపోవచ్చు. దానికి సిద్ధపడి వెళ్ళండి. మెస్ పిన్నికి నేను గుర్తు లేను. ఎంతమందికి పెట్టానో బాబూ, మొకాలు కలిసిపోనాయి అంది. నేను పేజీ తీసి చదివాను. రెండు నెలలు ఖాతా రాసుకుని అన్నం పెట్టారు పిన్నీ, 340 రూపాయలు, వెల్డర్ అయ్యాక మొదటి జీతంలో తీర్చాను, డబ్బు తీర్చేస్తే తీరిపోయిందనుకున్నాను, అందుకే ఇన్నాళ్ళు రాలేదు అన్నాను. శ్రద్ధగా విని, "బుదవారం చేపల పులుసు పెట్టలేదు నేను. చేపలు ఆదివారమే. నువ్వు చెప్పే రోజు ఆదివారమై ఉంటాది, సరిగ్గా రాసుకో" అంది. అక్కడే కొట్టేసి సరిదిద్దాను. నేను ఆవిడకి గుర్తు లేకపోయినా, తను పెట్టిన అన్నం రోజుతో సహా గుర్తుంది.

వాళ్ళు లేకపోతే

మాస్టారు నేను పుస్తకం మొదలుపెట్టేనాటికే పోయారు. ఎనిమిదో తరగతిలో మా అయ్య నన్ను బడి మాన్పించేశాడు, గేదెల్ని చూసుకోడానికి మనిషి లేడని. మాస్టారు సైకిలేసుకుని వరసగా మూడు సాయంత్రాలు మా ఇంటికొచ్చారు. మొదటి రెండు రోజులు మా అయ్య ఒప్పుకోలేదు. మూడో రోజు మాస్టారు అరుగు మీద కూచుని, "పొద్దున్నే గేదెల్ని తోలి, ఒక గంట లేటుగా రానీ. మొదటి పీరియడ్ పాఠం నేను సాయంత్రం చెప్తాను" అన్నారు. రెండేళ్ళు అలాగే చెప్పారు. పదో తరగతి పరీక్ష ఫీజు కూడా ఆయనే కట్టారు.

ఆయన కూతురు ఎంవీపీ కాలనీలో ఉంటారని తెలిసి వెళ్ళాను. మహాలయ పక్షాల్లో తర్పణం విడిచేటప్పుడు తల్లిదండ్రులతో పాటు గురువుకీ స్నేహితుడికీ కూడా నీళ్ళు వదిలిస్తారు కదా, ఆ రోజుల్లోనే వెళ్ళాను. నీళ్ళు వదలడం ఎలాగూ చేస్తాం. ఆ మాట ఆయన రక్తం పంచుకున్నవాళ్ళ చెవిన కూడా పడాలనిపించింది.

ఆ కూతురు గారికి అరవై దాటాయి. నేను చదువుతుంటే మధ్యలో ఆపి, "మూడు రోజులూ సైకిల్ మీదే వచ్చారా" అని అడిగారు. అవునండీ అన్నాను. కాసేపటికి, "మా నాన్న ఇంట్లో పట్టుమని పది మాటలు మాట్లాడేవారు కాదండి. సాయంత్రం ఆలస్యంగా వచ్చేవారు. ఎందుకు ఆలస్యమో అడిగే ధైర్యం మాకుండేది కాదు. మీ దగ్గర ఉండేవారన్నమాట" అన్నారు. నాకేం చెప్పాలో తెలియలేదు. వాళ్ళ సాయంత్రాలే నాకిచ్చారని నాకూ అప్పుడే తెలిసింది. ఆవిడ లోపలికెళ్ళి కొడుకుని పిలుచుకొచ్చి, "బాబూ, మళ్ళీ మొదట్నుంచి చదవండి, వీడు వినాలి" అన్నారు. రెండోసారి చదివాను. లేచేటప్పుడు ఆ కాగితం ఇస్తారా అని అడిగారు. పేజీ జాగ్రత్తగా చించి ఇచ్చాను. ఫోన్లో ఎందుకు రాయొద్దన్నానో ఇప్పుడు తెలిసింది కదా.

పేరు కూడా తెలియనివాళ్ళ బాకీ ఇంకోలా తీర్చాలి. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కరెంటు లేదు, నీళ్ళు లేవు, మా షెడ్డు రేకులు ఎక్కడ పడ్డాయో తెలియదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన లైన్‌మెన్ మా వీధిలో స్తంభాలు ఎత్తారు. ఒకతను స్తంభం దిగి మంచినీళ్ళు అడిగితే మా ఇంట్లో ఒక బిందె అడుగున మాత్రమే ఉన్నాయి. అతను చూసి, పిల్లలకుంచండి అని వెళ్ళిపోయాడు. అతన్ని ఎక్కడ వెతకను? మా వీధిలో స్తంభం ఎక్కిన ఏ మనిషికైనా మా షెడ్డు నుంచి చల్లని మజ్జిగ వెళ్తుంది.

మేస్త్రి గారి ఇల్లు

ఇది చివరికి ఉంచుకున్నాను, వెళ్ళడం కూడా చివరికే వెళ్ళాను, భయం కొద్దీ. ఆయన పెందుర్తిలో కూతురి దగ్గర ఉంటున్నారు. ఎనభై దగ్గర పడింది. చూపు బాగా తగ్గిపోయింది. నా గొంతు విని, "ఏరా, ఎప్పుడొచ్చినావు" అన్నారు, నిన్న సాయంత్రం విడిపోయినట్టు.

చీపురు పుల్ల సంగతి చదివాను. "నీ సెయ్యి బాగుండేది, పాసైనావు. దానికేటుంది" అన్నారు, ఊహించినట్టే. నేను ఆపలేదు. ఓవెన్ దగ్గర కాపలా పేజీ తిప్పి అది కూడా చదివాను. ఆయన ఏమీ అనలేదు. చేతికర్ర రెండు చేతులతో పట్టుకుని కూచున్నారు. లోపల్నుంచి కూతురు టీ తెచ్చి అక్కడే నిలబడిపోయింది. "ఎవుడు చెప్పేడు నీకు" అని మాత్రం అడిగారు.

సంచిలోంచి పైపు ముక్క తీసి ఒళ్ళో పెట్టాను. 6జిలో వేసి, లోపలి రూట్ చేతికి తగిలేలా నిలువునా కోయించినది. ఆయన కర్ర పక్కన పెట్టారు. ముక్కని అటూ ఇటూ తిప్పి పట్టు చూసుకుని, బొటనవేలు లోపలి వరస మీద పెట్టి కింద నుంచి మెల్లగా పైకి జరిపారు. ఊపిరి చప్పుడు కూడా వినిపించనంత నెమ్మదిగా. ఒక చోట వేలు ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ అదే చోట ఆగింది.

"ఇక్కడ ఆగి మళ్ళా మొదలెట్టేడు. మోకాలు మార్చడం ఆలీసమైంది" అన్నారు. ఇంకోసారి వేలు నడిపి, "ఇది నీ సెయ్యి కాదు. ఎవుడాడు?"

"మా షెడ్డు కుర్రాడండి, మేస్త్రి గారూ. నేనే నేర్పుతున్నాను."

"ఎన్నోసారి ఇది?"

"టెస్టు రెండుసార్లు పోయిందండి."

ముక్కని నా చేతిలో పెట్టి, కర్ర కోసం తడుముకున్నారు. అందించాను.

"ఆదివారం తీసుకురా ఆడిని" అన్నారు. "కిటికీకి కట్టడానికి నేను ఏదోటి చూస్తాను. సీపురు మాత్రం కొత్తది తే. మా ఇంట్లోది ప్లాస్టిక్కు."